రంగం వెళ్ళిన మనవాళ్ళు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

నేను చరిత్రకారుణ్ణి కాదండీ. కంప్యూటర్ల పని చేసుకునే కన్సల్టెంట్‌ని. చదివింది కూడా అదే. అందుకని ఇవాళ నేను చెప్పేది ఒక పాఠంలా కాకుండా, ఇంట్లో భోజనాలయ్యాక కూర్చుని మాట్లాడుకున్నట్టు వినండి.

ఆ మధ్య ఒక శుక్రవారం ఇంట్లో 'గ్యాంగ్స్ ఆఫ్ న్యూయార్క్' అనే పాత ఇంగ్లీషు సినిమా చూశాం. 2002లో వచ్చింది. నూట అరవై ఏళ్ళ కిందటి న్యూయార్క్‌లోని ఫైవ్ పాయింట్స్ అనే మురికివాడ కథ. చివర్లో ఊరంతా తగలబడుతుంది. జనం కనపడిన నల్లవాణ్ణల్లా కొడుతూ ఉంటారు. సినిమా అయ్యాక మా ఆవిడ అడిగింది, "ఇది నిజంగా జరిగిందా?" అని. జరిగిందన్నాను. వెంటనే రెండో ప్రశ్న వేసింది, "మనవాళ్ళకి ఎక్కడైనా ఇలాంటిది జరిగిందా?"

జరిగిందండీ. మనవాళ్ళకే జరిగింది. వాళ్ళలో మా ఇంటి మనిషి కూడా ఒకాయన ఉన్నాడు. ఆ సంగతి నాకు పాతికేళ్ళు దాటేదాకా తెలియదు. అది చెప్పడానికే ఇవాళ మైకు ముందు కూర్చున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, బారువ దగ్గర పల్లె. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, చిన్నప్పుడు మాకు కథలు చెప్పేది. ఆ కథల్లో "రంగం" అనే ఊరు తరచూ వచ్చేది. "మా అయ్య రంగం బోయి వొచ్చినాడు" అనేది. మా వైపు రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర నుంచి గోదావరి దాకా పెద్దవాళ్ళెవరిని కదిపినా ఈ మాట వినిపిస్తుంది. 'రంగూన్ రౌడీ' అని ఒకప్పుడు నాటకం కూడా ఊరూరా ఆడింది. అంటే రంగూన్ మన ఇళ్ళకి అంత దగ్గర ఊరన్నమాట.

మామ్మ ఇంకో మాట కూడా అనేది. "మా అయ్య అక్కడ పిచ్చాసుపత్రిలో ఉన్నాడ్రా బాబూ. ఆ తరవాతే ఓడెక్కి వొచ్చేసినాడు" అనేది. మేం పిల్లలం ఏమనుకున్నామంటే, మా ముత్తాతకి రంగంలో పిచ్చెక్కింది, ఆసుపత్రిలో పెట్టి నయం చేసి పంపించారు అని. దాని మీద మాలో మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం కూడా. అసలు సంగతి ఏమిటో చెప్పాలంటే ముందు ఆ రంగం గురించి చెప్పాలి.

కాకినాడ దగ్గర కోరంగి అని ఒక రేవు ఉండేది. ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుఫానుకి ఊరు దెబ్బతింది. ఆ తర్వాత మళ్ళీ పూర్వంలా కోలుకోలేదు. ఊరి వైభవం పోయింది గానీ పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగు కూలీలందరినీ "కోరంగీలు" అనేవారు. శ్రీకాకుళం వాడైనా, విశాఖపట్నం వాడైనా, గోదావరి వాడైనా అక్కడికి వెళ్తే కోరంగీయే. ఇక్కడ గల్ఫ్‌లో మన దేశం వాళ్ళందరినీ కలిపి ఒకే పేరుతో పిలవడం మీకు అనుభవమే కదా. అలాగే అదీను. పిలిచే గొంతుని బట్టి అది పేరూ అవుతుంది, తిట్టూ అవుతుంది.

బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. అందుకని రంగూన్ వెళ్ళడానికి పాస్‌పోర్టు, వీసా గొడవ లేదు. కాకినాడలోనో, విశాఖలోనో, భీమునిపట్నంలోనో, కళింగపట్నంలోనో, మా బారువలోనో ఓడ ఎక్కడం, డెక్ మీద గోనె పరుచుకుని పడుకోవడం, రంగూన్‌లో దిగడం. 1920ల చివరికి ఏడాదికి నాలుగు లక్షలకి పైగా మనుషులు ఇండియా నుంచి బర్మాలో దిగుతున్నారు. వలస వచ్చేవాళ్ళ లెక్కలో అప్పట్లో రంగూన్ రేవుని న్యూయార్క్‌తో పోల్చేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే, అందులో సగానికి పైగా ఇండియా వాళ్ళే. బర్మా రాజధానిలో బర్మా వాళ్ళు తక్కువ, బయటివాళ్ళు ఎక్కువ. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి.

మనవాళ్ళు అక్కడ ఏం చేసేవారు? ఓడల్లో సరుకు ఎక్కించడం, దించడం, బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడం, రిక్షా లాగడం, వీధులు ఊడవడం, పాయిఖానాలు ఎత్తడం. ఊరు నడవడానికి కావలసిన పనులు, ఇంకెవరూ చెయ్యనివి. వీళ్ళందరికీ పైన మేస్త్రీ. ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, నోటు రాయించుకుని, ఓడ ఛార్జీ పెట్టి తీసుకెళ్ళేది ఆయనే. అక్కడ పని ఇచ్చేదీ, కూలి పంచేదీ, అందులో తన వాటా పట్టుకునేదీ ఆయనే. ఓడ కంపెనీ దొరకి కూలీ పేరు తెలియదు, కూలీకి దొర మొహం తెలియదు. మధ్యలో అంతా మేస్త్రీ. ఇవాళ మన ఊళ్ళలో గల్ఫ్ ఏజెంటుకి లక్షలు కట్టి వచ్చేవాళ్ళు ఈ మాట వింటుంటే, ఇది తొంభై ఏళ్ళ కిందటిదా, నిన్నటిదా అని సందేహం వస్తుంది.

ఇక ఉండేది ఎక్కడ? రేవుకి దగ్గరగా ఇరుకు సందుల్లో పొడుగాటి గదుల ఇళ్ళు. వెలుతురు రాదు, గాలి ఆడదు. పదిమంది ఉండాల్సిన చోట అంతకి ఎన్నో రెట్లు ఉండేవారు. పగటి డ్యూటీ వాడు లేచిన చోట రాత్రి డ్యూటీ వాడు పడుకునేవాడు. గది దొరకని వాడు పేవ్‌మెంట్ మీద. ఆడవాళ్ళు బహు తక్కువ, దాదాపు అందరూ ఇంటి దగ్గర పెళ్ళాం బిడ్డల్ని వదిలేసి వచ్చినవాళ్ళే. ఈ బసల దుస్థితి గురించి అప్పటి ప్రభుత్వ ఉద్యోగులే పుస్తకాలు రాశారు. వలస కూలీల వ్యవహారాలు చూసిన ఆండ్రూ అనే ఆయన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' అని 1933లో ఒక పుస్తకం వేశాడు. 1929లో వేసిన రాయల్ లేబర్ కమిషన్ కూడా బర్మా వెళ్ళి ఇవన్నీ చూసింది. అంటే తెలియక జరిగింది కాదు. అందరికీ తెలిసే జరిగింది.

ఇప్పుడు 1930 మే నెలకి వద్దాం. ఆ నెల 5వ తేదీన ఇండియాలో గాంధీగారిని ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టు చేశారు. అదే రోజు రాత్రి బర్మాలో పెద్ద భూకంపం వచ్చింది. పెగూ పట్నం నేలమట్టమైంది, రంగూన్‌లోనూ ఇళ్ళు కూలి మనుషులు పోయారు. ఊరంతా బెదిరి ఉంది. గాంధీగారి అరెస్టుకి నిరసనగా రేవులో మన కూలీలు పని ఆపారు. అది అలాగే కూలి సమ్మెగా మారింది. రోజుకి రూపాయిన్నర కూలి చాలదు, రెండు రూపాయలు ఇవ్వండి అన్నారు. న్యాయమైన కోరికే.

కంపెనీలు ఏం చేశాయి? సరుకు ఆగితే నష్టం కదా. సమ్మె విరగ్గొట్టడానికి బర్మా వాళ్ళని పనిలోకి తీసుకున్నాయి. అప్పటిదాకా రేవు పనిలో బర్మా వాళ్ళు లేరు. వాళ్ళకి తెలుగు మేస్త్రీల గుమ్మం దాటి లోపలికి వెళ్ళే దారే లేదు. పల్లెల్లో అప్పుల పాలై పట్నం వచ్చిన వాళ్ళు, తమ దేశపు రేవులో తాము కూలి కూడా కాలేమా అని ఎన్నాళ్ళుగానో కడుపులో పెట్టుకున్న వాళ్ళు. ఇప్పుడు పని దొరికింది. సంతోషంగా వచ్చారు.

రెండు వారాలు పైన గడిచాక కంపెనీలు మనవాళ్ళతో రాజీ పడ్డాయి. కూలి కాస్త పెంచారు. మనవాళ్ళు పనిలోకి వచ్చారు. మరి ఆ బర్మా వాళ్ళ సంగతి? వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు. 1930 మే 26, సోమవారం ఉదయం వాళ్ళు రోజూలాగే పనికి వచ్చి నిలబడ్డారు. ఇంక మీ పని లేదు పొమ్మన్నారు. అదీ మనవాళ్ళు చూస్తుండగా.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాల్సిన విషయం ఒకటుంది. అలా నిలబడిపోయిన వాళ్ళని చూసి మనవాళ్ళు ఎద్దేవా చేశారు. గెలిచాం కదా అని నవ్వారు. మాటా మాటా పెరిగింది. చేతికి దొరికిన వాటితో కొట్టుకోవడం మొదలైంది. మధ్యాహ్నానికి రేవు దాటి ఊళ్ళోకి పాకింది.

ఆ తర్వాత జరిగింది రెండు వర్గాల కొట్లాట కాదండీ. వేట. కత్తులు, ఇనప కడ్డీలు పట్టుకుని గుంపులు వీధుల వెంట పడ్డాయి. రిక్షా లాగేవాడు, వీధి ఊడ్చేవాడు, సమ్మె సంగతే ఎరగని వాడు, తెలుగువాడైతే చాలు. మనవాళ్ళు ఆ ఇరుకు బసల్లోకి పారిపోయి తలుపులు బిగించుకున్నారు. కొన్నిచోట్ల తలుపులు పగలగొట్టుకుని లోపలికి వచ్చి చంపారు. మిగతా చోట్ల తిండీ నీళ్ళూ లేకుండా చీకట్లో రోజుల తరబడి కూర్చున్నారు. అప్పటి రంగూన్ జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ అనే ఐరిష్ ఆయన. తర్వాత 1938లో 'ట్రయల్స్ ఇన్ బర్మా' అనే పుస్తకంలో ఈ రోజుల గురించి రాశాడు. చివరికి సైన్యాన్ని దింపితే గానీ అదుపులోకి రాలేదు.

ఎంతమంది పోయారు? సర్కారు లెక్కల ప్రకారం వందకి పైన, గాయపడినవాళ్ళు వెయ్యి దాకా. ఇంకా ఎక్కువే అన్నవాళ్ళు రెండు వందల యాభై దాకా చెప్పారు. ఊళ్ళో పేరు లేని, పేవ్‌మెంట్ మీద పడుకునే మనిషి పోతే లెక్క రాసేదెవరు? అటు భీమునిపట్నంలోనో, మా బారువలోనో ఉత్తరం కోసం చూసిన ఆడవాళ్ళకి మాత్రమే తెలిసి ఉంటుంది ఆ లెక్క.

ఆ నాలుగు రోజులూ రంగూన్ కంపు కొట్టిపోయింది. ఊడ్చేవాడు లేడు, పాయిఖానా ఎత్తేవాడు లేడు, ఓడలు కదలవు. కోరంగీ అని చీదరించుకున్న మనిషి లేకపోతే ఊరు ఎలా ఉంటుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

బతికిన వాళ్ళని ప్రభుత్వం ఒక చోటికి చేర్చింది. అంతమందికి సరిపడా ఖాళీగా ఉన్న పెద్ద కట్టడం ఊళ్ళో ఒకటే ఉంది. అదేమిటంటే, రంగూన్ పాత పిచ్చాసుపత్రి. వేలమంది మనవాళ్ళు అక్కడ తల దాచుకున్నారు.

ఈ వాక్యం నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివానండీ. ఏదో వెతుకుతూ బర్మా పుస్తకాల వైపు వెళ్ళాను. చదివి అక్కడే కూర్చుండిపోయాను. మా ముత్తాతకి పిచ్చెక్కలేదు. ఆయన ప్రాణం దక్కించుకుని పిచ్చాసుపత్రిలో దాక్కున్నాడు. చిన్నప్పుడు మేం నవ్వుకున్న కథ అది. అప్పటికి మామ్మ పోయి రెండేళ్ళయింది. తప్పైపోయింది మామ్మా అని చెప్పడానికి కూడా లేదు. మామ్మ 1932లో పుట్టింది. ఆయన ఆ ఓడెక్కి తిరిగి రాకపోతే మామ్మ లేదు, మా నాన్న లేడు, ఇవాళ ఈ మైకు ముందు నేను లేను.

ఇప్పుడు మళ్ళీ ఆ సినిమా దగ్గరికి వెళ్దాం. న్యూయార్క్‌లో ఏం జరిగింది? ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట పోయి కరువొస్తే 1840లలో లక్షలమంది ఓడలెక్కి అమెరికా వచ్చారు. ఒక చెరువుని పూడ్చిన పల్లపు నేల మీద లేచిన ఫైవ్ పాయింట్స్ లాంటి వాడల్లో, ఒక్కో గదిలో రెండేసి మూడేసి కుటుంబాలుగా ఉన్నారు. 1842లో ఇంగ్లీషు రచయిత డికెన్స్ ఆ వాడ చూసి అసహ్యపడి రాశాడు. మగవాళ్ళకి రేవులో కూలి పని. వాళ్ళు కూలి పెంచమని సమ్మె కడితే కంపెనీలు నల్లవాళ్ళని తెచ్చి పని చేయించుకునేవి. 1863లోనూ అదే జరిగింది. ఆ సంవత్సరం అంతర్యుద్ధానికి సైన్యంలోకి లాటరీ తీసి మనుషుల్ని పట్టుకెళ్తామన్నారు. మూడు వందల డాలర్లు కట్టగలిగిన వాడు తప్పించుకోవచ్చు. కూలివాడికి అది దాదాపు ఏడాది సంపాదన. జులై 13న జనం తిరగబడ్డారు. మొదట సైన్యంలో చేర్చుకునే ఆఫీసు తగలబెట్టారు. మధ్యాహ్నం దాటేసరికి కోపం నల్లవాళ్ళ మీదికి మళ్ళింది. నల్లపిల్లల అనాథాశ్రమాన్ని తగలబెట్టారు. లోపల 233 మంది పిల్లలు. అదృష్టవశాత్తూ వెనక దారిన తప్పించుకున్నారు. నల్లవాళ్ళని దీపస్తంభాలకి ఉరి తీశారు. నాలుగు రోజులు సాగింది. చనిపోయినవాళ్ళు 119 మంది అని లెక్క. ఆ తర్వాత న్యూయార్క్ విడిచిపోయిన నల్లవాళ్ళు ఎంతమందంటే, 1860లో పన్నెండు వేలకి పైగా ఉన్నవాళ్ళు 1865 నాటికి పదివేల లోపుకి తగ్గారు.

రెండూ ఒకటే అని నేను అనడం లేదు. న్యూయార్క్‌లో కొట్టినవాళ్ళు బయటి నుంచి వచ్చిన వలసవాళ్ళు, దెబ్బలు తిన్నవాళ్ళు తరతరాలుగా ఆ దేశంలోనే పుట్టినవాళ్ళు. బానిసత్వం నాటి నుంచి ఆ సమాజం నేర్పిన ద్వేషం అది. రంగూన్‌లో కొట్టినవాళ్ళు ఆ నేల వాళ్ళు, తిన్నవాళ్ళు వలసవాళ్ళు. పైగా దొరలు ఏలుతున్న దేశంలో బర్మా వాళ్ళకి తమ ఇంట్లో తామే పరాయివాళ్ళయ్యామన్న బాధ ఉంది. ఆ బాధ నిజమైనదే. కానీ ఆ బాధ రిక్షా లాగేవాడి మెడ మీద కత్తి ఎందుకయింది? రెండు ఊళ్ళలోనూ రేవు ఉంది, సమ్మె ఉంది, ఒక బీదవాణ్ణి తీసేసి ఆ చోట ఇంకో బీదవాణ్ణి నిలబెట్టిన కంపెనీ ఉంది. రెండు ఊళ్ళలోనూ గుంపు ఆ కంపెనీ లెక్కల గదిలోకి వెళ్ళలేదు. పక్క సందులోకి వెళ్ళింది. దొర మొహం కూలీకి తెలియదని ఇందాక అన్నాను చూడండి, అక్కడే ఉంది కిటుకు. కోపం వచ్చినప్పుడు మనిషికి తెలిసిన మొహమే కనపడుతుంది.

ఆ తర్వాత రంగూన్ రేవు పనిలో బర్మా వాళ్ళకీ వాటా ఇచ్చారు. ఆ పని మే 26కి ముందే చేసి ఉంటే వందమంది బతికేవారు. ఆ అల్లర్ల రోజుల్లోనే బర్మాలో 'దోబమా', అంటే 'మా బర్మా వాళ్ళం' అనే ఉద్యమం పుట్టింది. మంట అయితే ఆరలేదు. 1938 జులైలో ఒక పుస్తకంలో బుద్ధుణ్ణి కించపరిచారని మొదలై మళ్ళీ పెద్ద అల్లర్లు జరిగాయి. ఈసారి ముఖ్యంగా ముస్లింల మీద. ఇండియా వాళ్ళు ఇంచుమించు రెండు వందలమంది పోయారు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు లక్షలమంది ఇంటిదారి పట్టారు. ఓడలో చోటు దొరకని వాళ్ళు కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు. వేలకి వేలు దారిలోనే రాలిపోయారు. యుద్ధం తర్వాత ఉండిపోయినవాళ్ళూ, మళ్ళీ వెళ్ళినవాళ్ళూ 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ స్వాధీనం చేసుకున్నాక వచ్చేయాల్సి వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఉంది కదా, ఆ పేరు అలా వచ్చిందే. మనం ఆ స్టాపులో బస్సు దిగుతాం గానీ పేరు ఎందుకొచ్చిందో అడగం.

సరే, ఇవన్నీ ఖతార్‌లో కూర్చుని ఎందుకు చెబుతున్నావయ్యా అంటారా? చెబుతాను. కాస్త సిగ్గుపడే సంగతి.

నేను దోహా వచ్చిన కొత్తలో ఒక ప్రాజెక్టులో చేరాను. అప్పటిదాకా ఆ పని వేరే దేశం వాళ్ళ టీమ్ ఒకటి చేస్తోంది. మా కంపెనీ తక్కువ రేటు వేసింది, కాంట్రాక్టు మాకొచ్చింది. వాళ్ళు రెండు వారాలు మా పక్కన కూర్చుని పని అప్పజెప్పాలి. మా భాషలో దాన్ని నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటాం. వాళ్ళలో ఒకాయనకి నాకంటే పదేళ్ళు ఎక్కువ ఉంటాయి. పిల్లలు ఇక్కడే స్కూల్లో. ఏడాది మధ్యలో ఇంటికి పోవాలి. ఆయన ఓపిగ్గా అన్నీ చూపించాడు. ఒక రోజు పాంట్రీలో టీ దగ్గర మావాడొకడు తెలుగులో వాళ్ళ మీద ఒక జోకు వేశాడు. ఆయన పక్కనే ఉన్నాడు. తెలుగు రాదు. కానీ నవ్వు అర్థం కావడానికి భాష అక్కర్లేదు కదా. నేనూ నవ్వాను. ఆయన కప్పు కడుక్కుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మామ్మ చెప్పేది, వాళ్ళ అయ్య రంగం గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదని. ఎవరెంత అడిగినా ఒక్క మాట మాత్రం అనేవాడట. "పని పోయినోణ్ణి సూసి నవ్వకండ్రా" అని. మామ్మకి ఆ మాట ఎందుకో తెలియదు. నాకు తెలుసు. రేవులో ఆ సోమవారం పొద్దున ఆయన ఎటువైపు నిలబడ్డాడో, నవ్వినవాళ్ళలో ఉన్నాడో లేడో నాకు తెలియదు గానీ, ఆ నవ్వు ఖరీదు మాత్రం కళ్ళారా చూశాడు.

మర్నాడు వెళ్ళి ఆయనతో క్షమాపణ లాంటిదేదో గొణిగాను. "ఫర్వాలేదు, రేపు మీకూ వస్తుంది" అన్నాడు. శాపం పెట్టినట్టు కాదు, మామూలుగానే. మూడేళ్ళకి వచ్చింది. మా కాంట్రాక్టు ఇంకో కంపెనీకి పోయింది. పని నేర్చుకోవడానికి కుర్రాళ్ళు వచ్చి మా పక్కన కూర్చున్నారు. వాళ్ళు నవ్వలేదు. ఒక పిల్లవాడు రోజూ నాక్కూడా టీ తెచ్చేవాడు. నాకు వేరే పని దొరికింది కాబట్టి ఇవాళ ఇక్కడ ఉన్నాను.

మన పరిస్థితి రంగూన్ కూలీల పరిస్థితి కాదు. ఇక్కడ చట్టాలు చాలా మారాయి. 2020లో యజమాని అనుమతి పత్రం లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించారు. 2021 మార్చి నుంచి కనీస జీతం వెయ్యి రియాల్స్, తిండీ బసా కంపెనీ ఇవ్వకపోతే వాటికి విడిగా అలవెన్సు. అయినా ఇండస్ట్రియల్ ఏరియా వైపు వెళ్ళి చూడండి. నిజామాబాద్ నుంచి, జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, కడప నుంచి, మా శ్రీకాకుళం నుంచి వచ్చిన మనవాళ్ళు ఒక గదిలో ఎంతమంది ఉంటున్నారో, ఏజెంటుకి కట్టిన అప్పు తీరడానికి ఎన్నాళ్ళు పడుతోందో అడగండి. వాళ్ళ బస్సు మన కారు పక్కన సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మనం అద్దం ఎక్కించుకుంటాం. మా పాప ఒకసారి "నాన్నా, వాళ్ళ బస్సుకి ఏసీ ఉందా?" అని అడిగింది. చూసి చెబుతానన్నాను. అప్పటిదాకా నేను చూడలేదు మరి.

ఇంకొకటి. మన అసోసియేషన్ మీటింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, "ఫలానా దేశం వాళ్ళు వచ్చి రేట్లు పాడుచేస్తున్నారు" అనే మాట వింటూనే ఉంటాం. నేనూ అన్నాను. అలా అనేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోమని మనవి. ఆ రేటు పెట్టింది వాడా, వాణ్ణి తెచ్చినవాడా? మనం ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరి రేటు పాడుచేసి వచ్చాం?

దోహాలో ముషైరిబ్ మ్యూజియమ్స్ ఉన్నాయి. అందులో బిన్ జెల్మూద్ హౌస్ అని ఒక ఇల్లు ఉంది. బానిసల వ్యాపారం చరిత్ర అక్కడ చూపిస్తారు. ఈ దేశంలో బానిసత్వం 1952లో రద్దయిందన్న సంగతి కూడా దాచకుండా చెబుతారు. తమ ఊరి చేదు కథని ఊరి నడిబొడ్డున పెట్టుకున్నారు. పిల్లల్ని తీసుకెళ్ళండి. వచ్చాక మీ ఇంటి చేదు కథ కూడా వాళ్ళకి చెప్పండి. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో రంగం కథ లేని ఇల్లు, ముఖ్యంగా తీరం జిల్లాల్లో, తక్కువే. బర్మా టేకు తలుపు ఉండొచ్చు, ఒక పాత పెట్టె ఉండొచ్చు, తిరిగి రాని తాత పేరు ఉండొచ్చు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్ళు ఉంటే అడగండి. మేం నవ్వినట్టు నవ్వకుండా వినండి. వాళ్ళు చెప్పింది అర్థం కాకపోయినా రాసి పెట్టుకోండి. ఎప్పుడో ఒకప్పుడు ఏ పుస్తకంలోనో దానికి అర్థం దొరుకుతుంది.

మీ ఇంట్లో అలాంటి కథ ఉంటే మన రేడియోకి రాయండి, వచ్చే నెల చదువుదాం.